ఒక్క బటన్‌కి రివ్యూ: జారుతున్న కారు బొమ్మ, కింద ‘ఆఫ్’

బండి మొత్తానికి రివ్యూలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. సీట్లు ఎంత మెత్తగా ఉన్నాయి, స్క్రీను ఎంత పెద్దది, మైలేజీ ఎంత ఇస్తోంది, అవన్నీ వాళ్లు చూసుకుంటారు. నేను రాస్తున్నది ఒకే ఒక్క బటన్ గురించి. గేర్ లివర్ ముందు ఉంటుంది చూడండి, జారిపోతున్న కారు బొమ్మ, కారు వెనక పాము పాకినట్టు రెండు వంకర గీతలు, కింద ‘ఆఫ్’ అని, ట్రాక్షన్ కంట్రోల్ ఆపే బటన్, అదీ సంగతి. బండి కొన్న చాలామంది దాన్ని ఒక్కసారి కూడా నొక్కి ఉండరు. నేను మాత్రం రెండేళ్లుగా ఇసుకలో, బురదలో, రాళ్లలో, కంకర దిగుళ్లలో నొక్కీ చూశాను, నొక్కకుండానూ చూశాను. నొక్కనందుకు ఒకసారి తిట్టుకున్నాను, నొక్కినందుకు ఇంకోసారి తిట్టుకున్నాను.

కంపెనీ పేరు చెప్పను, అడగొద్దు. ల్యాడర్ ఫ్రేమ్ ఛాసిస్ (నిచ్చెనలాంటి చట్రం), ఫోర్ హై (నాలుగు చక్రాలకీ పవర్, మామూలు వేగం), ఫోర్ లో (నాలుగు చక్రాలకీ పవర్, వేగం తక్కువ, బలం ఎక్కువ) ఉన్న మామూలు ఫోర్ బై ఫోర్. డిఫరెన్షియల్ లాక్ (ఎడమ, కుడి చక్రాలు కలిసే తిరిగేలా బిగించేది, లాకర్ అన్నా అదే) లేదు. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారి ఊరికే తిరగకుండా చూసేది), స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పి పక్కకి జారకుండా చూసేది), ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకోకుండా చూసేది), హిల్ డిసెంట్ (దిగుడులో తనే బ్రేకు వేసుకుంటూ నెమ్మదిగా దింపేది), ఇవన్నీ ఉన్నాయి. ఇలాంటి బండ్లు బోలెడు, బటన్లూ దాదాపు ఒకేలా ఉంటాయి, కాబట్టి నేను చెప్పేది మీ బండికీ చాలావరకు పనికొస్తుంది.

రోడ్డు దిగగానే ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ ఆపేయాలా వద్దా అని ఆఫ్‌రోడ్ తిరిగే గుంపులో ఎవరినడిగినా జవాబు రెడీగా ఉంటుంది. పాత జీపుల మీద చేయి తిరిగినవాళ్లు ‘ఆ ఎలక్ట్రానిక్ చెత్తంతా పీకి పారెయ్’ అంటారు. కొత్తగా బండి కొన్నవాళ్లు ‘కంపెనీవాళ్లు ఊరికే పెడతారా, దాన్ని కదపకు’ అంటారు. నేను ముందు రెండో రకం, తర్వాత కొన్నాళ్లు మొదటి రకం, ఇప్పుడు ఎవరైనా అడిగితే ‘ఎక్కడున్నావు, కింద ఏముంది?’ అని తిరిగి అడిగే రకం అయ్యాను.

ఇసుకతో మొదలుపెడతాను, ఈ బటన్‌తో నా గొడవ మొదలైంది అక్కడే. ఎండిపోయిన ఏరు, రెండు వందల మీటర్ల ఇసుక, అవతల గట్టు. ముందున్న రెండు బండ్లు దాటేశాయి. నేను చేయాల్సినవన్నీ చేశాననే అనుకున్నాను, టైర్లలో గాలి 33 నుంచి 18 పీఎస్ఐకి దించాను, ఫోర్ హైలో పెట్టాను, గట్టి నేల మీదే రెండో గేర్‌లో ఊపు అందుకుని దిగాను. సగం దూరం సాఫీగా పోయింది. మెత్తటి చోటు తగలగానే చక్రాలు కొంచెం జారాయి, అంతే, డాష్‌బోర్డులో ఆ కారు బొమ్మ టపటపా కొట్టుకోవడం మొదలైంది. యాక్సిలరేటర్ నేలకంటా తొక్కి పట్టాను, అయినా ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఇంజన్ మూలుగుతోందే తప్ప పుంజుకోవడం లేదు. బండి నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, ఆగిపోయింది. ఇసుకలో ఆగిపోయాక ఇంకేముంది, దిగబడటమే. అప్పుడు గుర్తొచ్చింది బటన్. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు నొక్కి, కసిగా ఒక్క తొక్కు తొక్కాను, నాలుగు చక్రాలూ ఎవరి గొయ్యి వాళ్లు తవ్వుకుని బండి పొట్ట ఇసుకకి ఆనేదాకా దింపేశాయి. పార పట్టుకుని ముప్పావుగంట తవ్వాను. అవతల గట్టు మీద నుంచి సలహాలు మాత్రం ఉచితంగా వచ్చాయి.

తర్వాత కూర్చుని తెలుసుకుంటే తప్పు సగం నాది, సగం మాన్యువల్‌ది. మాన్యువల్‌లో ఈ బటన్ గురించి రెండే రెండు వాక్యాలు: బండి మెత్తటి నేలలో ఇరుక్కుంటే నొక్కండి, బయటపడ్డాక మళ్లీ నొక్కండి. ఇరుక్కున్నాక నొక్కమంటున్నారు, అసలు ఇరుక్కోకుండా ఉండటానికి ఇసుకలోకి దిగే ముందే నొక్కాలి కదా! వరదొచ్చాక గొడుగు ఇచ్చినట్టుంది.

అసలు లోపల జరిగేది ఇది. ట్రాక్షన్ కంట్రోల్ అని మనం ఒకే పేరుతో పిలుస్తున్నా అది చేసే పనులు రెండు. ఒక చక్రం మిగతావాటి కంటే వేగంగా తిరుగుతోందని సెన్సర్లు చెప్పగానే, ఒకటి, ఇంజన్ పవర్ కోసేస్తుంది, మీరు ఎంత తొక్కినా సరే. రెండు, ఆ జారుతున్న ఒక్క చక్రానికి మాత్రం బ్రేకు వేస్తుంది. తడిసిన తారురోడ్డు మీద మొదటి పని బంగారం, జారిన చక్రానికి పవర్ తగ్గితే మళ్లీ పట్టు దొరుకుతుంది. ఇసుకలో అలా కాదు. అక్కడ బండిని దాటించేది ఊపు, చక్రం కాస్త జారుతూనే ఉండాలి, జారుతూనే ముందుకు తోయాలి. ఆ జారుడు కంప్యూటర్‌కి ప్రమాదంలా కనిపిస్తుంది, వెంటనే పవర్ కోస్తుంది, ఊపు పోతుంది, ఊపు పోతే పని అయిపోయినట్టే. స్టెబిలిటీ కంట్రోల్ సంగతీ అంతే, మెత్తటి ఇసుకలో స్టీరింగ్ ఒకవైపు తిప్పితే బండి కాసేపటికి గానీ అటు తిరగదు, దాన్ని అది స్కిడ్ అనుకుని ఒక పక్క బ్రేకు పట్టేస్తుంది. ఇసుకలో బ్రేకు వేసుకుంటూ వెళ్లేవాడిని ఎక్కడైనా చూశారా?

అందుకని ఇసుకకి నా తీర్పు సూటిగా చెప్తాను: దిగకముందే, గట్టి నేల మీద ఉండగానే ఆఫ్. లోతు బురద, పొడవాటి మెత్తటి బురద దారి అయినా అంతే, టైరు తిరుగుతుంటేనే దాని గాడుల్లో ఇరుక్కున్న మట్టి విదిలించుకుపోతుంది, చక్రం నెమ్మదిస్తే టైరు నున్నటి గుండులా తయారవుతుంది. లోతు మంచులోనూ ఇదే సూత్రం. కానీ పలచటి బురద, అడుగున గట్టి నేల ఉన్న చోట ఆన్‌లోనే ఉంచుతాను, అక్కడ బండి పక్కకి జారి కాలవలోకి పోవడమే అసలు భయం.

ఇసుక దెబ్బ తిన్నాక నేను కొన్నాళ్లు మట్టి కనపడితే చాలు బటన్ నొక్కే మనిషిని అయ్యాను. రెండో దెబ్బ అలా తగిలింది. గుట్ట ఎక్కే దారి, మధ్యలో వాననీళ్లు కోసేసిన గండి, దాన్ని ఏటవాలుగా దాటాలి. దాటుతుంటే ముందు ఎడమ చక్రం గాల్లో, వెనక కుడి చక్రం గాల్లో. నేను బటన్‌ని పట్టుకుని ఉంచి మొత్తం ఆపేసి ఉన్నాను, మగాడిలా. యాక్సిలరేటర్ తొక్కితే గాల్లో ఉన్న రెండు చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, నేల మీదున్న రెండూ రాయిలా కదలవు. ముందు బండి నడిపే పెద్దాయన ఒకరు నడుచుకుంటూ వెనక్కి వచ్చి, ‘దిగండి, దిగి ఏ చక్రం తిరుగుతోందో ఒకసారి చూడండి’ అన్నారు. చూశాను. ‘ఇప్పుడు ఆ బటన్ మళ్లీ ఆన్ చేయండి, ఫోర్ లో వేయండి, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి అలాగే పట్టుకోండి, ఏం చప్పుడొచ్చినా కాలు తీయకండి’ అన్నారు. అలాగే చేశాను. కింద నుంచి గర్ గర్ గర్ మని ఏదో విరుగుతున్నట్టు చప్పుడు, రెండు మూడు సెకన్లు ఏమీ జరగలేదు, భయంతో కాలు తీయబోయాను, ‘తీయొద్దు, తీయొద్దు!’ అని కేక. ఇంకో సెకను, బండి ముక్కుతూ మూలుగుతూ గండి దాటేసింది.

ఇక్కడ అక్కరకొచ్చింది ట్రాక్షన్ కంట్రోల్ రెండో పని, బ్రేకు వేసేది. ఎడమ, కుడి చక్రాలకి పవర్ పంచే మామూలు డిఫరెన్షియల్ ఉంది చూశారా, అది రెండు వైపులా సమానమైన తిప్పుడు బలమే ఇస్తుంది, గాల్లో ఉన్న చక్రాన్ని తిప్పడానికి పెద్ద బలం అక్కర్లేదు కాబట్టి నేల మీదున్న చక్రానికి కూడా అంతే అందుతుంది, అంటే దాదాపు సున్నా. గాల్లో చక్రానికి బ్రేకు పట్టగానే దాన్ని తిప్పడానికి ఎక్కువ బలం కావాలి, అదే బలం రెండో చక్రానికీ అందుతుంది, బండి కదులుతుంది. డిఫరెన్షియల్ లాక్ లేని బండికి ఇది పేదవాడి లాకర్. దాన్ని నేనే నా చేత్తో ఆపేసుకుని కూర్చున్నాను!

కాలు ఎందుకు తీయకూడదంటే, చక్రాలు ఎంత తేడాగా తిరుగుతున్నాయో చూశాకే అది బ్రేకు పడుతుంది. మీరు తొక్కి వదిలి తొక్కి వదిలితే దానికి లెక్క దొరకదు, ప్రతిసారీ మొదటికొస్తుంది. పాతకాలం వాళ్లు ఎడమ కాలితో బ్రేకు కొంచెం నొక్కుతూ కుడికాలితో యాక్సిలరేటర్ తొక్కేవాళ్లు, అదీ ఇదే పని. కానీ చాలా కొత్త బండ్లలో రెండు పెడల్స్ ఒకేసారి తొక్కితే ఇంజన్ పవర్ తగ్గిపోతుంది, అందుకని ఆ చిట్కా ఇప్పుడు అన్నిట్లో నడవదు. ఇంకో మాట, ఈ బ్రేకు పని ఎక్కువసేపు నడిస్తే బ్రేకులు వేడెక్కుతాయి, వేడెక్కాయని కంప్యూటర్ అనుకుంటే లైటు వేసి తనంతట తానే పక్కకి తప్పుకుంటుంది. నాకు ఒకసారి అలా అయింది, పాడైపోయిందేమోనని టెన్షన్ పడ్డాను, పావుగంట ఆగితే తిరిగొచ్చింది.

కాబట్టి ‘ట్రాక్షన్ కంట్రోల్ ఆపాలా’ అనేదానికి నా జవాబు: ఇంజన్ గొంతు నొక్కే పని ఆపాలి, బ్రేకు పట్టే పని ఉంచుకోవాలి. ఒకే బటన్‌తో ఈ రెండూ ఎలా విడదీస్తావు అంటారేమో, ఇక్కడే బండికో తీరు. నా బండిలో ఒకసారి నొక్కి వదిలితే ఇంజన్ కోత పోతుంది, బ్రేకు పని కొంత ఉంటుంది. బండి ఆపి, బటన్‌ని కొన్ని సెకన్లు పట్టుకుంటే ఫోర్ హైలో అన్నీ పోతాయి. ఫోర్ లోలో పెడితే మాత్రం స్టెబిలిటీ కంట్రోల్ తనంతట తానే తప్పుకుని, బ్రేకు పని మిగులుతుంది. ఈ మూడు ముక్కలు మాన్యువల్‌లో ఒక్క పట్టికగా వేసి ఉంటే నేను పార పట్టుకునేవాణ్ణి కాదు. ఖాళీ స్థలంలో ఒక పూటంతా జాకీలు పెట్టి, చక్రాలు లేపి, అది చేసి, ఇది చేసి నేనే కనిపెట్టుకోవాల్సి వచ్చింది. (జాకీ మీద బండిని పెట్టి చక్రం తిప్పే పని మీరు చేయొద్దు, నేను చేసింది తెలివితక్కువ పని, నాలుగు రాళ్ల మీద నెమ్మదిగా ఎక్కిస్తే అదే తెలుస్తుంది.)

వేరే కంపెనీలు దీన్ని మెరుగ్గా చేశాయని చెప్పక తప్పదు. టయోటా ఎఫ్‌జే క్రూజర్‌లో ఏ-ట్రాక్ అని బ్రేకు పనికి విడిగానే ఒక బటన్ పెట్టారు, ఫోర్ లోలో మాత్రమే పనిచేస్తుంది, ఇంజన్‌ని కోయదు, చక్రాలకి బ్రేకు పడుతుంది, అంతే. సుజుకి జిమ్నీలో ఫోర్ లో వేయగానే స్టెబిలిటీ పక్కకి పోయి బ్రేకు ఎల్‌ఎస్‌డీ (జారే చక్రానికి బ్రేకు పట్టేది) పని మిగులుతుంది, అసలు బటన్ గొడవే లేదు. ల్యాండ్ రోవర్ 2004లో డిస్కవరీ 3తో టెరైన్ రెస్పాన్స్ అని ఒక గుండ్రటి నాబ్ తెచ్చింది, ఇసుక, బురద, రాళ్లు అని బొమ్మలుంటాయి, ఇసుకలో ఉన్నారా ఇసుక బొమ్మకి తిప్పండి, ఏ సిస్టమ్ ఎంత జోక్యం చేసుకోవాలో అదే చూసుకుంటుంది. నాకు మొదట్లో ఆ నాబ్ చూస్తే నవ్వొచ్చేది, డబ్బున్నవాళ్ల ఆటవస్తువు అనుకునేవాణ్ణి. ఇసుక తవ్వాక నవ్వు ఆగిపోయింది.

ఇక ఏబీఎస్. ఇది వేరే కథ, దీనికి నా బండిలోనే కాదు, చాలా కార్లలో బటనే ఉండదు. ఒకప్పుడు ఉండేది, 1980ల ఆడి క్వాట్రోలో ఏబీఎస్ ఆపడానికి డాష్‌బోర్డు మీద స్విచ్ ఉండేది. ఏబీఎస్ అనేది 1978లో బాష్ కంపెనీ తయారీతో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చింది, తారురోడ్డు కోసం పుట్టిన పరికరం. చక్రం పూర్తిగా బిగుసుకోకుండా సెకనుకి చాలాసార్లు బ్రేకుని వదిలి పట్టి వదిలి పడుతుంది, అందువల్ల బ్రేకు నొక్కి ఉండగానే స్టీరింగ్ పనిచేస్తుంది. గట్టి రోడ్డు మీద దీనికి వంక పెట్టేది ఏమీ లేదు.

వదులు కంకర మీద లెక్క తిరగబడుతుంది. చక్రం బిగుసుకుంటే అది కంకరని ముందుకి తోసి చిన్న గట్టులా పోగేస్తుంది, ఆ పోగే బండిని ఆపుతుంది. ఏబీఎస్ చక్రాన్ని బిగుసుకోనివ్వదు, పోగు పడదు, బండి దాని మీదుగా దొర్లుకుంటూ పోతుంది. ఇది ఆఫ్‌రోడ్ వాళ్ల పుకారు కాదు, అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 1999లో వెలువరించిన పరీక్షల్లో మిగతా నేలల మీద ఏబీఎస్ దాదాపుగా మెరుగ్గా ఉంటే, వదులు కంకర మీద మాత్రం ఆగే దూరం సగటున 27 శాతం దాకా పెరిగింది.

నాకు ఇది అంకెల్లో కాదు, కాళ్ల కింద తెలిసింది. కంకర దిగుడు, మొదట్లో వాలు తక్కువే, నేను ధీమాగా మూడో గేర్‌లో ఉన్నాను. మలుపు దగ్గర వాలు ఒక్కసారిగా పెరిగింది, బ్రేకు గట్టిగా తొక్కాను, పెడల్ కాలి కింద కరకరా కొట్టుకుంటోంది, బండి ఆగట్లేదు. స్పీడు పెరగలేదు గానీ తగ్గిందీ లేదు, లోయ వైపు నింపాదిగా పోతోంది. పెడల్ విరిగిపోతోందేమో అనిపించి ఒక క్షణం కాలు కొంచెం ఎత్తాను కూడా, ఇది ఎవరూ చేయకూడని పని. చివరికి మలుపు వంపులో ఉన్న మట్టిగట్టుకి పక్కచక్రం ఆనించి ఆపాను. బంపర్ మూల పగిలింది, పక్కన కూర్చున్న తమ్ముడు రెండు రోజులు మాట్లాడలేదు.

అక్కడి నుంచి నేరుగా పీకెయ్ గుంపులో చేరిపోయాను. ఒక మిత్రుడు, ‘అన్నా, సింపుల్, ఏబీఎస్ ఫ్యూజ్ పీకి జేబులో వేసుకో, ఇంటికెళ్లేటప్పుడు పెట్టుకో’ అన్నాడు. పీకాను. ఇంజన్ స్టార్ట్ చేస్తే డాష్‌బోర్డు దీపాల పండగ. ఏబీఎస్ లైటు, బ్రేకు లైటు, స్టెబిలిటీ లైటు, హిల్ డిసెంట్ లైటు. బండి కదిపితే స్పీడోమీటర్ ముల్లు సున్నా మీద నుంచి లేవలేదు, నా బండిలో వేగం లెక్క ఏబీఎస్ కంప్యూటర్ డబ్బా నుంచే వెళ్తుందట. అదీ పోనీ అనుకున్నాను. అదే దిగుడు మళ్లీ, ఈసారి నెమ్మదిగా, బ్రేకు తొక్కాను, నిజమే, బండి ముందుకంటే తొందరగా ఆగుతోంది. ‘చూశావా’ అనేలోపు వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని, బండి వెనక భాగం లోయ వైపు తిరగడం మొదలుపెట్టింది. బ్రేకు వదిలేస్తేనే సర్దుకుంది. గుండె నోట్లోకొచ్చింది అంటారే, అప్పటిదాకా అది మాటవరసకి అనేవాళ్లనుకున్నాను.

కారణం ఇది. ఏబీఎస్ ఫ్యూజ్ తీస్తే ఏబీఎస్ ఒక్కటే పోదు. ముందు చక్రాలకి ఎంత, వెనక చక్రాలకి ఎంత బ్రేకు అని పంచే పని కూడా (ఈబీడీ అంటారు) చాలా కొత్త బండ్లలో ఆ డబ్బాయే చేస్తుంది, పాత బండ్లలో లాగా విడిగా వాల్వు ఉండదు. దిగుడులో బరువంతా ముందుకి పోయి వెనక చక్రాలు తేలికవుతాయి, పంచేవాళ్లు లేకపోతే అవే ముందు బిగుస్తాయి, వెనక బిగుసుకుంటే బండి తిరిగిపోతుంది. పైగా హిల్ డిసెంట్ ఆ డబ్బాతోనే నడుస్తుంది, ట్రాక్షన్ బ్రేకు పనీ దానితోనే. అంటే ఒక్క ఫ్యూజ్‌తో నా పేదవాడి లాకర్‌ని కూడా పీకి జేబులో వేసుకున్నాను. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది. ఫ్యూజ్ పీకే సలహాకి నా రేటింగ్ సున్నా.

ఇంకో చోట ఏబీఎస్ నిజంగా కాపాడుతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఎక్కుడు ఎక్కుతూ సగంలో ఆగిపోయి వెనక్కి దిగాల్సి వస్తే, అప్పుడు ముందు చక్రాలు పైన ఉంటాయి, బరువంతా వెనక మీద. బ్రేకు తొక్కితే తేలికైన ముందు చక్రాలు ఠక్కున బిగుసుకుంటాయి, అవి బిగుసుకుంటే స్టీరింగ్ లేనట్టే, బండి అడ్డం తిరుగుతుంది, ఏటవాలు గుట్ట మీద అడ్డం తిరిగిన బండి తరువాత చేసేది దొర్లడమే. అక్కడ చేయాల్సింది రివర్స్ గేర్, ఫోర్ లో, క్లచ్ మీద కాలు లేకుండా ఇంజన్ బ్రేకింగ్‌తో తిన్నగా కిందికి రావడం. బ్రేకు వాడక తప్పకపోతే ఏబీఎస్ ఉన్న బండిలో ఉండటమే మేలు.

దిగుళ్లకి కూడా అసలు మందు బ్రేకులో లేదు, గేర్‌లో ఉంది. నేను మూడో గేర్‌లో కంకర దిగుడుకి రావడమే మొదటి తప్పు, ఏబీఎస్ ఉన్నా లేకున్నా అది తప్పే. ఫోర్ లో మొదటి గేర్‌లో దిగితే బ్రేకు మీద కాలు పెట్టే పనే తక్కువ, ఏబీఎస్‌కి మాట్లాడే అవకాశమే రాదు. ఫోర్ లోలో పెడితే ఏబీఎస్ తన తీరు మార్చుకుని చక్రాన్ని కాస్త ఎక్కువసేపు బిగుసుకోనిచ్చే బండ్లూ ఉన్నాయి, మీ మాన్యువల్‌లో వెతకండి, దొరికితే అదృష్టం. హిల్ డిసెంట్ కూడా వాడి చూడండి, 1997లో ల్యాండ్ రోవర్ ఫ్రీల్యాండర్‌తో వచ్చింది ఈ సౌకర్యం, ఆ బండికి లో రేంజ్ లేదు కాబట్టే దాని అవసరం పడింది. చప్పుడు ఘోరంగా ఉంటుంది, నాకు నచ్చదు, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను ఇప్పుడు అదే వాడమంటున్నాను, కాళ్లు రెండూ కింద పెట్టుకుని స్టీరింగ్ ఒక్కటే చూసుకోవచ్చు.

బైకుల గురించి రెండు ముక్కలు, ఎందుకంటే అడిగేవాళ్లు ఉంటారు. అక్కడ లెక్క తేలిక. అడ్వెంచర్ బైకుల్లో చాలావాటికి ఆఫ్‌రోడ్ ఏబీఎస్ అని ఉంటుంది, వెనక చక్రానికి ఆపేస్తుంది, ముందు చక్రానికి తగ్గించి ఉంచుతుంది. మట్టిలో వెనక చక్రం బిగించి జార్చి మలుపు తిప్పడం మామూలు పని, ముందు చక్రం బిగిస్తే మాత్రం నేల మీద ఉంటారు. అందుకని వెనక ఆఫ్, ముందు ఆన్, అంతకంటే ఆలోచించను. ఇంజన్ ఆపి స్టార్ట్ చేస్తే చాలా బైకుల్లో సెట్టింగ్ మళ్లీ మొదటికొస్తుంది, టీ బ్రేకు తర్వాత ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

కార్లలో కూడా అంతే, నా బటన్ ప్రతి స్టార్ట్‌కీ ఆన్‌లోకి వచ్చేస్తుంది. ఇది కొందరికి చిరాకు, ఇసుక మధ్యలో ఇంజన్ ఆగిపోయి మళ్లీ స్టార్ట్ చేస్తే బటన్ మళ్లీ నొక్కాలి, ఆ హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది. నాకు మాత్రం ఇది నచ్చిన గుణం. స్టెబిలిటీ కంట్రోల్ 1995లో మెర్సిడెస్ ఎస్600 కూపేతో మొదలై, అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, యూరప్‌లో 2014 చివరికల్లా కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది, ఊరికే కాదు. రోజంతా గుట్టల్లో తిరిగి ఒళ్లు హూనమై చీకట్లో హైవే ఎక్కేవాడికి తను దేన్ని ఆపాడో గుర్తుండదు.

ఇక రేటింగ్. బటన్ పనికి అయిదుకి నాలుగు. ఇంజన్ కోత, బ్రేకు పని విడివిడిగా ఇచ్చి ఉంటే అయిదు ఇచ్చేవాణ్ణి. ఫోర్ లోలో బ్రేకు పని తీరుకి అయిదుకి నాలుగున్నర, ఆ అర తగ్గించింది మొదటి రెండు సెకన్ల ఆలస్యానికి. గట్టి లాకర్‌తో పోల్చొద్దు, లాకర్ ఉన్నవాళ్లకి ఈ గోలే అక్కర్లేదు, అది వేయగానే చాలా బండ్లలో ఈ సిస్టమ్స్ వాటంతట అవే పక్కకి తప్పుకుంటాయి. కంకర మీద ఏబీఎస్‌కి రెండు, మిగతా అన్ని చోట్లా అయిదు. మాన్యువల్‌కి ఒకటి, అది కూడా బొమ్మ బాగా గీసినందుకు.

ఒక చిన్న ఇబ్బంది మిగిలింది. గ్లవ్స్ వేసుకుంటే ఆ బటన్ వేలికి తెలియదు, పక్కనే హిల్ డిసెంట్ బటన్, రెండూ ఒకే సైజు, ఒకే నునుపు. ఇసుకలోకి దిగే ముందు ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కడం రెండుసార్లు జరిగింది. ఇప్పుడు దాని మీద పంక్చర్ ప్యాచ్ ముక్క చిన్నది కత్తిరించి అతికించాను, గరుగ్గా తగులుతుంది, చూడకుండానే దొరుకుతోంది.